మద్యంపై పరిశోధనకు డబ్బు ఎవరివ్వాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

మద్యం వల్ల జరిగే నష్టం మీద హైదరాబాద్ బస్తీల్లో సర్వేలు చేయడం, కాలేజీల్లో తరగతులు చెప్పడం నా పని. ఇందులో సగం కాలం నిధుల కోసం తిరగడంతోనే సరిపోతుంది. అలా తిరిగేటప్పుడు తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: తాగితే ఆరోగ్యం పాడవుతుందని అందరికీ తెలుసు. ఇంకా పరిశోధన దేనికి?

లివర్ సంగతి అందరికీ తెలుసు. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్‌కూ దానితో సంబంధం ఉందంటే బాగా చదువుకున్నవాళ్లే ఆశ్చర్యపోతారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చని, డాక్టర్ సలహాతోనే మాన్పించాలని చాలా ఇళ్లలో తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్‌లు, కల్లు కాంపౌండ్లు మూతపడిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బాధితులు వరుస కట్టారు. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఈ సమస్య మీద బయటి దేశాలవాళ్లు వచ్చి మనకు పరిశోధన చేసిపెట్టరు.

అపోహ: డబ్బు ఎవరిచ్చినా సైన్స్ సైన్సే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇదే. రోజుకో డ్రింక్ తాగితే గుండెకు మేలా అని తేల్చడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ సుమారు 10 కోట్ల డాలర్ల అధ్యయనం మొదలుపెట్టింది. అందులో ఎక్కువ సొమ్ము ఇస్తామన్నది పెద్ద పెద్ద బీరు, లిక్కర్ కంపెనీలు. పరిశోధకులు, ఆ సంస్థ అధికారులు కొందరు ముందుగానే కంపెనీలతో మాట్లాడుకున్నారని బయటపడటంతో 2018 జూన్‌లో దాన్ని ఆపేశారు. విచారణలో తేలింది ఏమిటంటే, గుండెకు మేలు ఉంటే అది కనపడేలా అధ్యయనాన్ని రూపొందించారు. క్యాన్సర్ లాంటి నష్టాలు బయటపడాలంటే కావలసినంత మంది గానీ, అన్నేళ్ల గడువు గానీ అందులో లేవు. ఎవరూ దొంగ లెక్కలు వేయనక్కర్లేదు. ఏ ప్రశ్న అడగాలో, దేన్ని వదిలేయాలో డబ్బిచ్చేవాడి చేతిలో ఉంటే చాలు.

అపోహ: మద్యం కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుతో పిల్లలకు నాలుగు మంచి మాటలు చెబితే తప్పేముంది?

ఆ డబ్బుతో వచ్చే తరగతుల్లో వినపడేది 'బాధ్యతగా తాగండి' అనే మాటే. అంటే తప్పంతా తాగేవాడిదేనని. ధర గురించి, ఇంటి పక్కనే తెరిచిన వైన్స్ గురించి, సోడా పేరుతో వచ్చే మద్యం బ్రాండ్ ప్రకటనల గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. తాగుడు తగ్గించడానికి బాగా పనిచేసేవి పన్ను పెంచడం, అమ్మకాలకు హద్దులు పెట్టడం, ప్రకటనలు ఆపడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తరగతులు చెప్పే మనిషిగానే అంటున్నాను, ఒక్క తరగతితో తెలివిడి పెరుగుతుంది గానీ తాగుడు పెద్దగా తగ్గదు.

అపోహ: చికిత్స ఖర్చు మోయలేం.

గోవాలో డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే అతిగా తాగేవాళ్లతో నాలుగు విడతలకు మించకుండా మాట్లాడి మంచి ఫలితం చూపించారు. ఆ అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నిధులు బ్రిటన్‌కు చెందిన వెల్కమ్ ట్రస్ట్ అనే దాతృత్వ సంస్థవి.

అపోహ: ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు.

2023లో తెలంగాణలో 2,620 మద్యం షాపులకు 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని ఫీజు 2 లక్షలు. అమ్మకాలు మొదలవకముందే 2,600 కోట్లకు పైగా వచ్చింది. అందులో నూటికి రెండు రూపాయలు పక్కన పెట్టినా 50 కోట్లు దాటుతుంది. థాయ్‌లాండ్ 2001లో చట్టం చేసి మద్యం, పొగాకు పన్ను మీద అదనంగా 2 శాతం వసూలు చేసి, దాన్ని నేరుగా ఆరోగ్య నిధికి ఇస్తోంది. ఆ డబ్బూ తాగేవాళ్ల నుంచి వచ్చిందే. కానీ అది చట్టం ద్వారా వస్తుంది, కంపెనీ దయతో కాదు. 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం తాగుతున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన రాష్ట్రం మనది. ఇలాంటి చట్టం మనకూ కావాలి.

మీ కాలేజీకో, అపార్ట్‌మెంట్‌కో మద్యం మీద అవగాహన కార్యక్రమం పెడతామని ఎవరైనా వస్తే ఖర్చు ఎవరిదో ముందే అడగండి. ఇంట్లో ఎవరైనా మానలేక ఇబ్బంది పడుతుంటే 14446కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్.