తాత్కాలికమనుకున్న జలాశ్వ

2025 అక్టోబరులో రక్షణ కొనుగోళ్ల మండలి సైనికులనూ వాహనాలనూ తీరానికి చేర్చే ల్యాండింగ్ ప్లాట్‌ఫామ్ డాక్ తరహా నౌకల సేకరణకు ప్రాథమిక ఆమోదం తెలిపింది. ఈ తరహా ఓడ మన నౌకాదళానికి ప్రస్తుతం ఉన్నది ఒక్కటే. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే ఆ ఐఎన్‌ఎస్ జలాశ్వ జలప్రవేశం చేసింది 1968లో, అమెరికాలోని సియాటిల్‌లో.

1971లో యూఎస్‌ఎస్ ట్రెంటన్ పేరుతో అది అమెరికా నౌకాదళంలో చేరింది. 1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషు అంతర్యుద్ధంలో తగలబడుతుండగా, అక్కడి అమెరికా దౌత్య కార్యాలయంలో చిక్కుకున్నవారిని కాపాడేందుకు తొలి హెలికాప్టర్లు ఎగిరింది దీని మీదనుంచే.

ఇలాంటి ఓడకు రేవుతో పనిలేదు. తొట్లలోకి సముద్రపు నీరు ఎక్కించుకుని వెనుక భాగాన్ని కాస్త ముంచుతుంది. తలుపు తెరిస్తే లోపలి డాక్‌లోకి నీళ్లు వస్తాయి. అక్కడున్న చిన్న పడవలు సైనికులతో, వాహనాలతో తేలుతూ తీరానికి సాగిపోతాయి. 2004 సునామీలో అండమాన్ నికోబార్ జెట్టీలు దెబ్బతిన్నప్పుడు మనకు లేకపోయింది సరిగ్గా ఈ సదుపాయమే.

కొత్తది కట్టేంత వ్యవధి లేదనుకుని, విరమణకు సిద్ధమైన ట్రెంటన్‌ను 5 కోట్ల డాలర్లలోపు ధరకు కొన్నారు. 2007 జూన్‌లో జలాశ్వగా అది మన దళంలో చేరింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు లీకై ఓడలోని నావికులు మరణించారు. అదే ఏడాది ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ కూడా ఈ కొనుగోలును తప్పుపట్టింది: ఆధునికీకరణకు తగదని అమెరికాయే తేల్చిన ఓడను తొందరపడి కొన్నారని, దాడులకు వాడరాదన్న ఆంక్షకూ, విదేశీ తనిఖీలకూ ఒప్పుకున్నారని.

ఆ అభ్యంతరాల్లో న్యాయం ఉంది. అయినా ఓడ ఖాళీగా కూర్చోలేదు. 2011లో అక్కడ చిక్కుకున్న భారతీయుల కోసం లిబియా వెళ్లింది. 2020 మేలో కొవిడ్ లాక్‌డౌన్ వేళ మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మందిని కొచ్చికి చేర్చింది.

నా దృష్టిలో అసలు తప్పు కొనడం కాదు, కొన్నాక నింపాదిగా ఉండిపోవడం. స్వదేశంలో నాలుగు డాక్ నౌకలు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లతరబడి నలిగి, 2020లో టెండరే రద్దయింది. 2021లో మళ్లీ సమాచార సేకరణతో మొదలుపెట్టారు. ఇప్పటి ఆమోదానికి అర్థం అవసరాన్ని అంగీకరించారని మాత్రమే. టెండరు, ఒప్పందం, నిర్మాణం ఆ తర్వాతి మెట్లు. అవన్నీ పూర్తయ్యేదాకా, 1971 నుంచి సముద్రం మీదున్న ఈ ఓడకే మరమ్మతులు చేసుకుంటూ నెట్టుకురావాలి.