కడుపునొప్పి ఉంటే జీవితాంతం చప్పిడి కూడేనా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. పోయిన ఏడాది యాభై దాటిన ఒక అమ్మ నా దగ్గరికి వచ్చారు. ఎనిమిది నెలలుగా ఆవిడ తిండి ఇదీ: పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి పాలలో ముంచుకున్న బ్రెడ్. "కారం మానేశాను, పులుపు మానేశాను, పప్పు కూడా మానేశాను మేడమ్. నొప్పి మాత్రం మానలేదు" అన్నారు. తొమ్మిది కిలోలు తగ్గారు. జాకెట్టు భుజం మీద నిలవక పిన్నీసు పెట్టుకున్నారు. అంత బరువు తగ్గితే ముందు చేయించాల్సింది పరీక్షలు. డాక్టరు గారు ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చేయించి, పుండు గానీ గడ్డ గానీ లేదని తేల్చాకే ఆవిడను నా దగ్గరికి పంపారు.

ఇలాంటివాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. వాళ్లు నమ్మే మాటలు కూడా ఇంచుమించు ఒకటే.

అపోహ: కారం తినడం వల్లే అల్సర్ వస్తుంది.

వాస్తవం: అల్సర్లకు ప్రధాన కారణాలు రెండు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, రెండోది నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ బయటపెట్టారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ దాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ బ్యాక్టీరియా వల్ల వచ్చిన పుండు పథ్యంతో మానదు, యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడాలి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి పొట్టను పుండు చేస్తుంటే, మనం మాత్రం పచ్చడి జాడీని అటక ఎక్కిస్తాం. (గుండెకోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.)

అలాగని కారానికి సంబంధమే లేదనను. మిరపలోని క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే నాడుల కొసలను తట్టి లేపుతుంది. పొట్ట ఇప్పటికే సున్నితంగా ఉన్నవాళ్లకు అది మంటగా, నొప్పిగా తెలుస్తుంది. పుండు చేయడం వేరు, ఉన్న బాధను రేపడం వేరు. ఇంకొక మాట. మిరపకాయ బజ్జీ తిని బాధపడితే మిరపకాయనే తిడతాం, నూనె సంగతి మర్చిపోతాం. కొవ్వు ఎక్కువైతే పొట్ట ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. చాలామందికి పొట్ట బరువెక్కి ఉబ్బడానికి అసలు కారణం ఆ నూనే.

అపోహ: రిపోర్టుల్లో ఏమీ రాలేదంటే ఆ నొప్పి ఉత్తిదే.

వాస్తవం: ఇంట్లోవాళ్లు అనే ఈ మాట నొప్పికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఫంక్షనల్ డిస్పెప్సియా అనే జబ్బు ఉంది. పొట్ట చూడటానికి బాగానే ఉంటుంది, కానీ దాని నాడులు మామూలు సాగుదలను కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. టెన్షన్, నిద్రలేమి దాన్ని పెంచుతాయి నిజమే. అంతమాత్రాన రోగి నటిస్తున్నట్టు కాదు.

అపోహ: పాలు పొట్టకు చల్లన, అల్సర్‌కు మందు.

వాస్తవం: 1915లో షికాగో డాక్టరు బెర్ట్రమ్ సిప్పీ గంటగంటకూ పాలు, మీగడ పట్టించే పద్ధతి పెట్టారు. దశాబ్దాల పాటు దాన్నే వాడారు. పాలు తాగగానే మంట తగ్గినట్టు ఉంటుంది, కానీ అందులోని ప్రొటీన్, కాల్షియం కాసేపటికి ఆమ్లాన్ని మళ్లీ ఊరిస్తాయి. పైగా పాలలోని లాక్టోజ్ అనే చక్కెర మనలో చాలామందికి సరిగా అరగదు. తోడుకున్నాక కొంత లాక్టోజ్ తగ్గుతుంది కాబట్టి పాలు పడనివాళ్లకు కూడా పల్చటి మజ్జిగ పడుతుంది.

అపోహ: చప్పిడి తిండి ఎంతకాలం తింటే అంత మంచిది.

వాస్తవం: నేను ఎక్కువగా పోరాడేది దీనితోనే. పథ్యం అంటే కాలు విరిగినవాడి చేతికర్ర లాంటిది. నొప్పి బాగా ఉన్న రోజుల్లో రెండు మూడు వారాలు మెత్తటి అన్నం, పెసరకట్టు, సొరకాయ, బీరకాయ, ఇడ్లీ తినండి. పొట్ట కుదుటపడుతుంది. నెలల తరబడి అదే తింటే పీచు చాలక మలబద్ధకం వస్తుంది, దాంతో మళ్లీ కడుపునొప్పి. ప్రొటీన్ చాలక కండ కరుగుతుంది. తినాలంటేనే భయం పట్టుకుంటుంది.

అందుకే ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవాలి. మొదట చెప్పిన ఆ అమ్మకు ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చాను. మూడు రోజులకు ఒక పదార్థం: మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలుగా. ఏం తిన్నారు, ఎన్నింటికి, నొప్పి ఎంత అన్నది రాయాలి. కందిపప్పు పడింది. చారు పడింది. పచ్చి ఉల్లిపాయ పడలేదు. ఏ మాత్రం అనుమానం లేకుండా తిన్న పాలూ బ్రెడ్ ఆపిన వారంలోనే రాత్రి నొప్పి సగానికి తగ్గింది! పాలలో లాక్టోజ్, గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు. రెండూ పేగుల్లో పులిసి గ్యాస్ చేసేవే. ఎనిమిది నెలలు ఆవిడ పథ్యం అనుకున్నదే ఆవిడకు పడని తిండి.

అపోహ: పథ్యం అంటే రుచి ఉండకూడదు.

వాస్తవం: బీరకాయ కూర ఇలా చేయమంటాను. చెంచాడు నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, రెబ్బలు తీసి పారేయండి. వెల్లుల్లిలో పొట్ట ఉబ్బించే ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు, వాసన మాత్రం నూనెలో ఉండిపోతుంది. అందులోనే జీలకర్ర, కరివేపాకు, పసుపు, ముక్కలు వేసి మూత పెట్టండి. దించేముందు ధనియాల పొడి. కారం లేదన్న సంగతి రెండో ముద్దకే మర్చిపోతారు.

అపోహ: లంఖణం పరమౌషధం.

వాస్తవం: ఒక పూట పొట్టకు విశ్రాంతి ఇస్తే తప్పులేదు. రోజూ పస్తులుండి రాత్రికి ఒక్కసారే కడుపునిండా తింటే నొప్పి పెరుగుతుంది. కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినడం మేలు.

అపోహ: పొట్ట పైభాగంలో నొప్పంటే గ్యాసే, మాత్ర వేసుకుంటే చాలు.

వాస్తవం: గుండెపోటు కూడా అక్కడే నొప్పిగా మొదలు కావచ్చు, ముఖ్యంగా ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో. కొత్తగా వచ్చిన నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, దవడకు గానీ చేతికి గానీ లాగుతున్నట్టు ఉంటే సోడా తాగి చూద్దాం అనుకోకండి, 108కి ఫోన్ చేయండి, వెంటనే ఈసీజీ తీయించండి. రక్తపు వాంతి అయినా, తారులా నల్లటి విరేచనం అయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే నొప్పి, వీటిలో ఏది ఉన్నా నా దగ్గరికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి.