తాటి పెంపకం: అపోహలు - వాస్తవాలు

అపోహ: తాటిచెట్టు దానంతటదే మొలుస్తుంది, ఎవరూ పెంచక్కర్లేదు.

ఒకప్పుడు పండు రాలిన చోటే మొలిచేది. ఇప్పుడు గట్లు చదును చేసేటప్పుడు, ఎండుగడ్డికి నిప్పు పెట్టేటప్పుడు చిన్న మొక్కలన్నీ పోతున్నాయి. పెద్దవి నరికేస్తున్నాం, వాటి చోట కొత్తవి రావడం లేదు. కావాలని నాటితేనే మిగులుతాయి.

అపోహ: మూడు నెలలైనా ఆకు రాలేదంటే టెంక పోయినట్టే.

చాలామంది ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. తాటి మొలక ముందు పైకి రాదు, కిందికి దిగుతుంది. మట్టిలోనే పిండిపదార్థం నింపుకుని తేగ అవుతుంది. మనం తంపటి వేసుకుని తినే తేగ ఇదే. అందుకే మొలిచిందో లేదో చూద్దామని తవ్వకండి, మొలక విరిగితే చెట్టు పోయినట్టే. తినడానికి కావాలంటే వేరే పాతర వేసుకోండి. తొలి ఆకు నేల మీదికి రావడానికి ఏడాది దాకా పట్టొచ్చు. నాటిన చోట గుర్తుగా ఒక కర్ర పాతితే చాలు.

అపోహ: నర్సరీ కవర్లో పెంచి నాటితే తొందరగా ఎదుగుతుంది.

మొలక దిగే లోతుకు మామూలు కవర్ సరిపోదు. అడుగు తగిలి వంకర తిరుగుతుంది, లేదా కవర్ చించుకుని నేలలోకి పోతుంది. అప్పుడు ఎత్తితే విరుగుతుంది. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే టెంక పెట్టడం నా లెక్కలో ఒక్కటే మంచి దారి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పండు రాలగానే గుజ్జు తీసేసి, టెంక ఎండిపోకముందే నాటాలి. పది అడుగుల ఎడం ఉంచండి. కరువును తట్టుకునేది ఎదిగిన చెట్టు. పసిమొక్కకు తొలి వేసవిలో అప్పుడప్పుడూ తడి ఇవ్వాల్సిందే.

అపోహ: టెంకను చూసి పోతో (మగ) పెంటో (ఆడ) చెప్పొచ్చు.

చెప్పలేం. పూత వచ్చాకే తెలుస్తుంది, దానికి 12 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ముంజలు కావాలనుకునేవాళ్లు ఒకటి రెండు కాకుండా వరసగా నాటండి. పోతుతాడు దండగ అనుకోవద్దు. కల్లు, నీరా పోతు, పెంటి చెట్లు రెండింటి నుంచీ వస్తాయి, పోతు పుప్పొడి లేకపోతే కాయల్లో గింజ కట్టదు.

అపోహ: ఎంత నరికినా తాటిచెట్టు చావదు.

దానికి ఉన్నది ఒకటే మొవ్వు, అంటే తలలో ఉండే చిగురు. అది తెగితే పక్క నుంచి చిగురు రాదు. మానుకు పడిన గాటు కూడా పూడదు.

అపోహ: తాటిచెట్టు పిడుగును ఆపుతుంది, కింద నిలబడితే భయం లేదు.

ఇది ప్రాణాలు తీసే మాట. ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిడుగు దాని మీదే పడే అవకాశం ఎక్కువ, కింద ఉన్నవాళ్లకూ తగులుతుంది. ఉరుము వినపడగానే తోపు వదిలి పక్కా భవనంలోకి వెళ్లండి.