తిల్ల చెట్టు: అపోహలు – వాస్తవాలు

గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవుల్లో కనిపించే తిల్ల చెట్టు ఆముదం, జెముడు మొక్కల కుటుంబానికి చెందినది. నరికిన చోట పొదలా గుబురుకడుతుంది. వదిలేస్తే చెట్టుగా ఎదుగుతుంది. మడ నారు పెంచి నాటే పనిలో ఉన్న మాకు ఈ మొక్క గురించి తరచూ వినిపించే మాటల్లో కొన్ని నిజం కావు, కొన్ని సగమే నిజం.

అపోహ: తిల్ల కింద నిలబడినా చూపు పోతుంది.

నిలబడినంత మాత్రాన ఏమీ కాదు. ప్రమాదమంతా దాని పాలలోనే ఉంది. ఆకు తుంచగానే తొడిమ దగ్గర తెల్లటి పాలు ఊరి బొట్టుగా జారతాయి. వాటిలోని డైటర్పీన్ ఎస్టర్లనే రసాయనాల వల్ల చర్మం మీద బొబ్బలు లేస్తాయి. కంట్లో పడితే విపరీతమైన మంట, వాపు వచ్చి, తాత్కాలికంగా చూపు పోవచ్చు. అలా జరిగితే కన్ను నలపకుండా, ఆముదం గానీ ఆకు పసరు గానీ పోయకుండా, వెంటనే మంచినీటి ధారతో కనీసం 15 నిమిషాలు కడిగి, మంట తగ్గినట్టు అనిపించినా కంటి వైద్యుణ్ణి కలవాలి. ఎందుకంటే ఈ కుటుంబపు మొక్కల పాలు పడినప్పుడు బాధ కొన్ని గంటల తర్వాత ముదరడం సాధారణం. తిల్ల పుల్లలను వంటచెరకుగా కూడా వాడకూడదు. వాటి పొగ సైతం కళ్లను మండిస్తుంది.

అపోహ: ఆకులు ఎర్రబడితే చెట్టుకు తెగులు సోకినట్టే.

తిల్ల ముదురాకులు రాలే ముందు ఎర్రబడటం దాని సహజ లక్షణం. మందు కొట్టవలసిన అవసరం లేదు.

అపోహ: శ్వాసవేర్లు లేవు కాబట్టి ఇది మడ జాతి కాదు.

తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకొచ్చే వేర్లు తిల్లకు లేని మాట నిజమే. అయితే దాని వేర్లు నేలపైనే మెలికలు తిరుగుతూ, ఒకదానితో ఒకటి అల్లుకుంటూ పాకి, గాలి ఆడని బురదలోనూ చెట్టును బతికిస్తాయి. పోటు నీరు అప్పుడప్పుడు మాత్రమే చేరే మెరక అంచుల్లో నేలను పట్టి ఉంచే పనిలో ఈ వేర్ల అల్లికకు పెద్ద పాత్ర ఉంది.

అపోహ: విషపు చెట్టే కదా, నరికితే నష్టం లేదు.

దీని పూలకు తేనెటీగలు వస్తాయి. చిదంబరం నటరాజస్వామి ఆలయ స్థలవృక్షం కూడా ఇదే. మడ అడవులు తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో ఉన్నాయి. కోరింగ వంటి అభయారణ్యాల్లోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ వర్తిస్తుంది.

అపోహ: ఏ తిల్ల నుంచైనా విత్తనం సేకరించవచ్చు.

నాటే పనిలో మాకు ఎక్కువ ఇబ్బంది తెచ్చేది ఈ నమ్మకమే. తిల్లలో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. పసుపు రంగులో పొడవుగా వేలాడే పూగుత్తులు మగవి; వాటికి కాయ రాదు. పొట్టి గుత్తులున్న ఆడ చెట్లకే మూడు గదుల చిన్న కాయలు కాస్తాయి. పొన్న జాతి మడల్లో లాగా గింజ చెట్టు మీదే మొలకెత్తదు కాబట్టి, కాయలు పగిలి గింజలు చెదిరిపోకముందే సేకరించి సంచుల్లో విత్తుకోవాలి. కొమ్మ ముక్కలతోనూ మొక్కలు పెంచవచ్చు గానీ, ఒకే చెట్టు నుంచి తీసినవన్నీ ఆ చెట్టులాగే మగవో ఆడవో అవుతాయి. అందుకని పూత సమయంలోనే రెండు రకాల చెట్లకూ గుర్తులు కట్టి, రెండింటి నుంచీ కొమ్మలు తీసుకోవాలి.