స్కాన్ క్లీన్‌గానే ఉంది, మరి మనిషెందుకిలా ఉన్నారు?

బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, స్కాన్‌లో ఏమీ లేదని డాక్టర్ చెప్పారు, ఇక మనిషి మునుపటిలా అయిపోతారని ఇంట్లో అందరూ అనుకుంటారు. కానీ నలుగురు మాట్లాడుతుంటే మాట అందుకోలేరు, టీవీ మోగుతుంటే చెప్పింది బుర్రకెక్కదు, రెండు పనులు చెప్తే ఒకటి మర్చిపోతారు. "అన్నీ బానే ఉన్నాయిగా, కాస్త ఓపిక చేసుకోవచ్చుగా" అనే మాట వింటే నాకు బాధేస్తుంది, పాపం వాళ్ళు చేస్తూనే ఉంటారు.

మెదడులో ఒక చోట నుంచి ఇంకో చోటికి కబురు మోసే నరాల తీగల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, కబురు వేగంగా వెళ్ళేది దానివల్లే. రేడియేషన్ ఆ పొరని తయారుచేసే కణాల్నీ, సన్నటి రక్తనాళాల్నీ కూడా దెబ్బతీయగలదు, ఆ దెబ్బ ఒక్కోసారి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళకి బయటపడుతుంది. అందుకే చాలామందికి తెలిసిన విషయాలు తెలిసినట్టే ఉంటాయి గానీ ఆలోచన నెమ్మదిస్తుంది. కొత్త జ్ఞాపకాలకి మెదడు లోపలుండే హిప్పోకాంపస్ అనే చిన్న భాగం కీలకం. మెదడు మొత్తానికి రేడియేషన్ ఇవ్వాల్సొచ్చిన 518 మందితో చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో, హిప్పోకాంపస్‌ని తప్పించి ఇస్తే ఆలోచనాశక్తి దెబ్బతినే రిస్క్ సుమారు పాతిక శాతం తగ్గింది.

మూడ్ సంగతి ఇంకా చిక్కు. వాపు తగ్గడానికిచ్చే డెక్సామెథసోన్ నిద్ర చెడగొడుతుంది, చిరాకు పెంచుతుంది, ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిలో పట్టలేనంత కోపం తెప్పిస్తుంది, ఇంట్లోవాళ్ళేమో మనిషే మారిపోయారనుకుంటారు. అలాగని మందు సొంతంగా ఆపేస్తే ప్రమాదం, డాక్టర్‌కి చెప్తే డోసో మందో మారుస్తారు.

ఇంకొకటి, డిప్రెషన్ అనుకునేదంతా డిప్రెషన్ కాదు. మెదడు ముందు భాగం, అంటే ఫ్రంటల్ లోబ్ దెబ్బతింటే కొందరిలో పని మొదలుపెట్టే చొరవే పోతుంది, దిగులేమీ ఉండదు, ఏడుపు రాదు, అలా కూర్చునే ఉంటారు. దీన్ని అపథీ అంటారు. దిగులుతో కుంగిపోయినవాళ్ళకిచ్చే మందు దీనికి సరిగ్గా పనిచేయకపోవచ్చు, "లే, ఇప్పుడు స్నానం చేద్దాం" అని పక్కనుండి మొదలుపెట్టించడం, రోజూ ఒకే టైమ్‌కి ఒకే పని పెట్టడం బాగా సాయపడతాయి. తీరని అలసట ఉంటే థైరాయిడ్, పిట్యూటరీ (మెదడు అడుగునుండే చిన్న గ్రంథి) హార్మోన్లు కూడా చూపించుకోవాలి, తలకి రేడియేషన్ తర్వాత ఇవి తగ్గిపోవచ్చు, వీటికి ట్రీట్‌మెంట్ ఉంది.

ఓపీలో పది నిమిషాల టెస్ట్‌లో ఇవన్నీ దొరకవు, ఆలోచన, జ్ఞాపకశక్తి, ప్రవర్తన పరీక్షించే న్యూరోసైకాలజిస్ట్ చేసే వివరమైన పరీక్ష అడగండి. తమలో వచ్చిన మార్పు కొందరికి తమకే తెలీదు కాబట్టి ఇంట్లోంచి ఒకరు తోడెళ్ళాలి, మందు మొదలైన తేదీ, కోపం మొదలైన తేదీ, నిద్ర చెడిన తేదీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళాలి.