టిక్కెట్టు మీద రెండున్నర గంటలు

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు,

బెంగళూరులో మధ్యాహ్నం 2కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారని టిక్కెట్టు మీద చూసి, రెండున్నర గంటలేనా అని అడిగారు. కాదు నాయనా, పదహారు గంటలు. టిక్కెట్టు మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. చలికాలంలో వాళ్ల గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. ఆ రెండున్నరకు ఇది కలపండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుంటారు, అప్పుడు తేడా పన్నెండున్నరే. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఇక దూరం. అట్లాసు మీద స్కేలు పెట్టి కొలవద్దు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తెచ్చేటప్పుడు ధ్రువాల దగ్గరి నేలంతా సాగిపోతుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగుతుగా లాగండి. అది జపాన్ వైపు పోదు, సైబీరియా ఉత్తరపు అంచు దాకా ఎక్కి అలాస్కా మీదుగా దిగుతుంది. అడ్డంగా 30 సెంటీమీటర్లుండే గ్లోబుకు నడుము చుట్టుకొలత 94. దారం 33 వస్తుంది. 33ను 94తో భాగించి, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లతో గుణిస్తే సుమారు 14,000 కిలోమీటర్లు.

దారం లేకుండా సరిచూసుకోవాలంటే మన ఊరే చాలు. అనంతపురం, బెంగళూరు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. అక్షాంశాల్లో తేడా 1.71 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే 190. రోడ్డున పోతే ఇంకో 20 పైనే.

విమానం వేగం గంటకు 900 అనుకోండి. 14,000ను దానితో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలిపితే పదహారు గంటలు. తిరుగు ప్రయాణానికి మాత్రం పదిహేడు దాటుతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగాలి వీస్తుంది మరి. భూమి తిరుగుతుంటే విమానం పైన ఊరికే ఆగితే చాలదా అంటారేమో, గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది.

ఓ చిన్న తమాషా. 8,000 కిలోమీటర్లకు 100 వేగంతో గాలి ఉంటే, ఎదురుగాలిలో పోయేటప్పుడు 10 గంటలు, గాలివాటున వచ్చేటప్పుడు 8, మొత్తం 18. గాలే లేకుంటే పదిహేడు ముక్కాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం గనక ఆ నష్టం పూర్తిగా తీరదు.

దారం చూపిన దారి ఎప్పుడూ దొరకదు. 2022లో రష్యా తన ఆకాశాన్ని యూరప్ విమానాలకు మూసేసింది. తొమ్మిదిన్నర గంటల్లో హెల్సింకి నుంచి టోక్యో చేరే విమానాలకు పదమూడు గంటల దాకా పట్టింది.

మీ లెక్కలో ఇంటి నుంచి దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం దాకా 44వ నంబరు హైవే మీది 180 కిలోమీటర్లు లేవు. అది మూడున్నర గంటలు, విదేశీ విమానానికి మూడు గంటల ముందే ఉండాలి. 2 గంటల విమానానికి ఉదయం ఏడుకే ఇల్లు వదలండి.

మీ జేజినాయన