వేడెక్కితే ఆగే బండి

మే నెలంతా నా బండిది ఒకటే తంతు. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. పదిహేను కిలోమీటర్లు పోయాక మిస్సింగ్ మొదలయ్యేది, కాసేపటికి తాళం తీసేసినట్టు టక్కున ఆగిపోయేది. చెట్టుకింద ఇరవై నిమిషాలు నిలబెడితే ఏమీ జరగనట్టే మళ్లీ లేచేది. కార్బురేటర్ రెండుసార్లు కడిగించాను. ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ కనిపించేది. "కరెంటు బానే వస్తోందన్నా" అనేవాడు మెకానిక్.

తిరకాసంతా ఆ పరీక్షలోనే ఉంది. ప్లగ్గు కొనల మధ్య సందు 0.7 మిల్లీమీటర్లు ఉంటే, బయటి గాలిలో దాన్ని దాటడానికి సుమారు 3 వేల వోల్టులు చాలు. సిలిండర్ లోపల పరిస్థితి వేరు. గాలినీ పెట్రోలు ఆవిరినీ పిస్టన్ దాదాపు తొమ్మిదో వంతు జాగాలోకి నొక్కేస్తుంది. అణువులు అంతగా కిక్కిరిసిపోతే ఎలక్ట్రాన్ వేగం పుంజుకునేలోపే దేనికో ఒకదానికి గుద్దుకుంటుంది. అయినా రవ్వ పుట్టాలంటే వోల్టేజీ చాలా రెట్లు పెరగాలి. పీడనాన్నీ సందునూ గుణిస్తే వచ్చే లబ్ధాన్ని బట్టి ఆ వోల్టేజీ ఉంటుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లోనే చూపించాడు. అందుకే ప్లగ్గుకు ఆ వోల్టేజీ పుట్టించే కాయిల్ నీరసిస్తే, బయట రవ్వ చూపించి కూడా లోపల చేతులెత్తేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఆక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు సిలిండర్‌లోకి మరింత గాలి చేరి పీడనం ఇంకా పెరుగుతుంది. మిస్సింగ్ ముందుగా బయటపడేది అక్కడే. అరిగి సందు పెరిగిన ప్లగ్గు కూడా సరిగ్గా ఇలాగే ఏడిపిస్తుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఫోర్‌స్ట్రోక్ ఇంజనుకు, రెండు చుట్లకోసారి చొప్పున, సెకనుకు 50 సార్లు మంట అంటుకోవాలి మరి.

ఇక వేడి సంగతి. కాయిల్‌లో వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే రాగి నిరోధం దాదాపు 30 శాతం పెరుగుతుంది. దానికే బండి ఆగదు. ఆపేది తీగలోనో, దాని పూతలోనో కంటికి కనపడని చీలిక. వేడికి వ్యాకోచించి తెరుచుకుంటుంది, చల్లబడితే మళ్లీ కలుసుకుంటుంది. షాపుకు చేరేసరికి రోగం మాయమయ్యేది అందుకే.

కనుక బండి ఆగిన చోటే, వేడి మీదే చూడాలి. నేను తాళం తీసేసి, ట్యాంకు కింద ఉన్న కాయిల్ మీద తడిగుడ్డ కప్పాను. రెండు మూడు నిమిషాల్లో కాయిల్ చల్లబడింది, గుడ్డ తీసి తుడిచి కిక్కు కొడితే బండి లేచింది. కాయిల్ మార్చాక మళ్లీ ఆగలేదు. తడిగుడ్డకు లేవకపోతే నా తర్వాతి అనుమానం రవ్వ ఎప్పుడు పుట్టాలో సంకేతమిచ్చే, ఇంజన్ వేడిలోనే మగ్గే పల్సర్ కాయిల్.

పెట్రోలు అందని బండి ఇలా టక్కున ఆగదు. ముందు నీరసంగా ఈడ్చుకుంటుంది, చోక్ లాగితే కాస్త కోలుకుంటుంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా ఇంతే. పెట్రోలు దిగినకొద్దీ లోపల గాలి పలచబడి, కిందికి ధార ఆగిపోతుంది. మూత తీయగానే గాలి బుస్సుమని లోపలికి పోతే, సన్నని సూదితో ఆ రంధ్రం తెరిస్తే చాలు, కాయిల్ జోలికి పోనక్కర్లేదు.